పప్పునీళ్ల బిందె

మా అమ్మమ్మ టమాట తినేది కాదు. "పులుపు కావాల్నంటె ఇంట్ల చింతపండు లేదా, ఈ నీళ్లకాయ ఎందుకు?" అనేది. క్యాబేజీని అయితే గడప కూడా దాటనిచ్చేది కాదు. ఒకసారి మా మామ పట్నం నుంచి తెస్తే, అది ఉడుకుతున్నంతసేపూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వాకిట్లో కూర్చుంది. ఇవన్నీ ఆమె లెక్కలో బయటి తిండి.

మన తిండి అంటే ఆమెకు పచ్చిపులుసు. నాలుగు పచ్చిమిరపకాయలు నిప్పుల మీద పెట్టి, పైతోలు బొబ్బలెక్కి నల్లబడేదాకా కాల్చేది. వాటిని ఉప్పుతో కలిపి చేత్తోనే పిసికేది. ఆ చేతికి మంట ఎందుకు పుట్టదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చింతపండు పులుసు పోసి, సన్నగా కోసిన ఉల్లిగడ్డ, కొత్తిమీర, వేయించి దంచిన నువ్వుల పొడి వేసి, జీలకర్ర, కల్యామాకుతో పోపు పెట్టేది. "ఇది తిను బిడ్డా, మన తిండి" అని గిన్నె ముందుకు జరిపేది.

పెద్దయ్యాక ఒకరోజు ఊరికే కూర్చుని ఆ గిన్నెలో మనవి ఏవో లెక్క తీశాను. చింతచెట్టు పుట్టిల్లు ఆఫ్రికా. ఇక్కడికి ఎప్పుడో వేల ఏండ్ల కింద వచ్చింది. తర్వాత మన దగ్గర దాన్ని చూసిన అరబ్బులు 'తమర్ హింద్', అంటే హిందూ దేశపు ఖర్జూరం అన్నారు, అదే ఇంగ్లీషువాళ్ల నోట్లో టామరిండ్ అయింది. ఉల్లిగడ్డది మధ్య ఆసియా. కొత్తిమీర, జీలకర్ర మధ్యధరా సముద్రం దిక్కు నుంచి వచ్చినవి. మిరపకాయ సంగతి సరేసరి, అది అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల్లో 16వ శతాబ్దంలో దిగింది. మనకు అంతకుముందు కారం అంటే మిరియమే, కొత్తగా వచ్చిన కాయకు ఆ మిరియం పేరే తగిలించుకుని మిరపకాయ అన్నాం. రుద్రమదేవి చనిపోయిన సంగతి చెప్పే 1289 నాటి శాసనం మన నల్లగొండ జిల్లా చందుపట్లలోనే ఉంది. అంత రాణికీ మిరపకాయ తొక్కు రుచి తెలియదు.

చివరికి గిన్నెలో నికరంగా మనవని తేలినవి నువ్వులు, కల్యామాకు. హరప్పా తవ్వకాల్లో కూడా మాడిన నువ్వులు దొరికాయి. ఇక మిగిలినవి నీళ్లు. అవి మా అమ్మమ్మ ఊరివే, బావిలోంచి చేదినవే. ఆ నీళ్ల సంగతి తర్వాత చెబుతాను.

మాది ఉమ్మడి పాలమూరు జిల్లా, కల్వకుర్తి దిక్కు పల్లె. అమ్మమ్మ వాళ్లది నల్లగొండ జిల్లా, మర్రిగూడ దిక్కు. దేవరకొండలో బస్సు మారి వెళ్లేవాళ్లం. ఎండాకాలం సెలవులన్నీ అక్కడే. కారం తిని నేను నాలుక బయటపెట్టి గంతులేస్తుంటే అమ్మమ్మ చెంబుడు నీళ్లు కూడా ముట్టనిచ్చేది కాదు. "నీళ్లు తాగితె ఇంకింత మండుతది, సల్ల తాగు" అని మజ్జిగ పోసేది. మిరపకాయలోని మంటకు కారణమైన క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పాలలో, మజ్జిగలో ఉండే కేసిన్ అనే ప్రొటీన్ దాన్ని నాలుక మీది నుంచి ఊడ్చుకుపోతుంది. నీళ్లు తాగితే మంటను నోరంతా పూసుకున్నట్టే. అసలు కారం అనేది రుచే కాదట, కాలినప్పుడు కలిగే బాధను మోసే నరాలనే అది కూడా తట్టి లేపుతుంది. అంటే మనం అన్నంలో నొప్పి కలుపుకుని, నెయ్యి వేసుకుని, ఇష్టంగా తింటున్నాం.

ఇంకొకటి. కారం గింజల్లో ఉంటుందని మనం అనుకుంటాం. నిజానికి ఎక్కువగా ఉండేది గింజలు అంటుకుని ఉండే లోపలి తెల్లటి కండలో, గింజకు దాని పక్కనున్నందుకు అంటుతుంది అంతే. కల్లంలో ఆరబోసిన మిరపకాయలను రామచిలుకలు వచ్చి పొడుచుకుపోతుంటే, వాటికి నోరు మండదా అని అడిగేవాణ్ణి. "వాటికి నాలుక మొద్దు" అనేది అమ్మమ్మ. దాదాపు నిజమే చెప్పింది. పక్షులకు క్యాప్సైసిన్ మంట తెలియదు. అవి గింజను నమలకుండా మింగి ఎక్కడో రెట్టతో వేస్తాయి, చెట్టుకు కావలసింది అదే. దవడ పళ్లతో గింజ నమిలి పాడుచేసే మనలాంటి జంతువులను దూరం పెట్టడానికే ఆ మంట. మనకేమో అదే అలవాటైపోయింది.

మా ఊరి సంగతికొస్తే, పాలమూరు అంటే పల్లికాయ. యాసంగి పంట సంక్రాంతి దాటాక పీకేవాళ్లు. కైకిలోళ్లు పీకిపోయిన చెలకలో మేం పిల్లలం పరిగె ఏరుకునేవాళ్లం. తుమ్మ కంప పేర్చి, పచ్చికాయ చెట్టుతో సహా దాని మీద వేసి కాల్చి, బూడిదలోంచి ఒక్కో కాయ వెతుక్కుని తినేవాళ్లం. మూతులు నల్లగా అయ్యేవి. బడికి ఎగ్గొట్టిన సాక్ష్యం ఆ మూతే.

ఒకసారి నాయిన నన్ను పూత మీదున్న చేనులోకి తీసుకెళ్లాడు. గొంతుక్కూర్చుని ఒక చెట్టు కొమ్మను మెల్లగా పక్కకు వంచాడు. పైన చిన్న పసుపు పువ్వు, బఠాణీ పువ్వులాగా. దాని కింద, ఇంతకుముందు పూసి వాడిపోయిన పువ్వు మొదట్లోంచి ఊదారంగు పుల్ల ఒకటి సూదిమొనతో నేల వైపు దిగుతోంది. ఇంకో పుల్ల అప్పటికే మట్టిలోకి గుచ్చుకుంది. నాయిన వేలితో మట్టి కొంచెం గీకి చూపించాడు. ఆ పుల్ల చివర తెల్లగా, బియ్యపు గింజంత ఉబ్బు. "గిదే కాయ. పువ్వు మీద పూస్తది, కాయ లోపట కాస్తది. ఊడ మట్టిల దిగకపోతె కాయ కాదు" అన్నాడు. అంతదాకా పల్లికాయ వేరుకు కాస్తుందని అనుకునేవాణ్ణి. ఇప్పటికీ అలాగే అనుకునే చదువుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

ఆ ఊడలు దిగే సమయంలోనే ఎకరాకు 200 కిలోల జిప్సం చల్లి మట్టి ఎగదోసేవాళ్లు. జిప్సం ఎందుకంటే కాయకు కాల్షియం కావాలి, పల్లికాయ దాన్ని వేరుతో తీసుకోదు. వేరు పీల్చిన కాల్షియం ఆకుల్లోకి పోతుంది తప్ప కిందున్న కాయకు సరిగా రాదు. కాయ తన డొల్లతోనే చుట్టూ ఉన్న మట్టిలోంచి నేరుగా పీల్చుకుంటుంది. అది దొరకని కాయ పైకి నిండుగా కనబడి లోపల తాలు పోతుంది. ఈ ముక్క నాకు ఎవరు చెప్పినా నమ్మకపోదును, జిప్సం వేయని ఒక మడి తాలుకాయ చేతిలో నలిపి చూడకపోతే. ఇక పల్లీ గింజ జీడిపప్పు, బాదం జాతి కాదు, కందికీ సెనగకూ చుట్టం. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా.

అక్కడిదే ఇంకొకటి ఉంది, శివరాత్రి కందగడ్డ. మా దిక్కు కందగడ్డ అంటే చిలగడదుంపే, కోస్తావాళ్ల కంద కాదు. ఉపవాసం రోజు అన్నం ముట్టకూడదు, పప్పు ముట్టకూడదు. ఏం తినొచ్చు అంటే కందగడ్డలు, సగ్గుబియ్యం పాయసం, వేయించిన పల్లీలు, దొరికితే జామపండు. సగ్గుబియ్యం చేసేది కర్రపెండలం గడ్డతో. ఈ నాలుగూ సముద్రం దాటి అమెరికా ఖండం నుంచి వచ్చినవే. మన నేల మీద పుట్టిన పెసరపప్పుకేమో ఆ ఒక్కరోజు ఇంట్లో స్థానం లేదు. శివుడికి ఈ లెక్క తెలిసే ఊరుకున్నాడేమో.

అమ్మ కందగడ్డలను నీళ్లలో ఉడకబెట్టేది కాదు. సాయంత్రం పొయ్యి ఆర్పాక వేడి బూడిదలో, అడుగున నాలుగు నిప్పులు ఉండగా పూడ్చిపెట్టేది. జాగారం మధ్యలో తీసేసరికి తోలు మీద బెల్లం పాకంలాంటి జిగురు కారి ఉండేది. గబగబా ఉడికిస్తే ఆ తీపి రాదు. గడ్డలో ఉండే ఒక ఎంజైమ్ పిండి పదార్థాన్ని చక్కెరగా మారుస్తుంది, గడ్డ మరీ మసిలిపోకుండా చాలాసేపు వెచ్చగా ఉంటేనే దానికి పని చేసే తీరిక. అమ్మకు ఎంజైమ్ తెలియదు గానీ తొందరపడితే తీపి రాదని తెలుసు.

ఈ కందగడ్డ ఆలుగడ్డకు ఏమీ కాదు. దాని దగ్గరి చుట్టం ఎవరో తెలిస్తే మన తెలంగాణవాళ్లకు నవ్వొస్తుంది. చెరువు గట్టు మీద పెరిగే లొట్టపీసు! రెండింటి పువ్వూ పక్కపక్కన పెట్టి చూడండి, అదే గరాటు ఆకారం, అదే లేత ఊదారంగు. పనికిరాని మనిషిని లొట్టపీసుగాడని తిడతాం, దాని తమ్ముణ్ణి దేవుడికి నైవేద్యం పెడతాం.

సీతాఫలం గురించి రాయకపోతే పాలమూరోళ్లు ఊరుకోరు. బాలానగర్ పేరు మీద ఒక రకమే ఉంది, దేశమంతా తోటలు వేస్తారు. మాకు మాత్రం తోట ఎరుక లేదు, గుట్ట మీద ఎవరూ నాటనిదే. మేకలు దాని ఆకు ముట్టవు, అందుకే గుట్టల మీద బతికిపోయింది. దసరా ముందు కాయ మీది గడులు దూరం జరిగి మధ్యలో సందులు తెల్లబడతాయి. దాన్నే కన్ను విచ్చిందంటారు. విచ్చిన కాయ తెంపి గడ్డిలో మాగేస్తే రెండు మూడు రోజుల్లో పండు. విచ్చకముందే తెంపితే రాయిలా నల్లబడిపోతుంది. ఒక్కో కన్నూ నిజానికి ఒక చిన్న పండే, ఒకే పువ్వులోని చాలా అండాశయాలు విడివిడిగా పెరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ పువ్వు దగ్గరికి తేనెటీగ పెద్దగా రాదు, చిన్న చిన్న పెంకు పురుగులే దూరి పుప్పొడి మోస్తాయి. ఇదీ అమెరికా నుంచే వచ్చింది, సీతమ్మ పేరు పెట్టుకున్నాక మనం అడగడం మానేశాం.

దాని గింజలతో మా ఇంట్లో ఒక కథ జరిగింది. మా అక్క తలలో పేలు. చిన్నమ్మ సీతాఫలం గింజలు నూరి కొబ్బరినూనెలో కలిపి తలకు పట్టించింది. పేలు చచ్చాయి, నిజమే. అక్క చెమట తుడుచుకుంటూ ఆ చేత్తో కన్ను నలిపింది. రాత్రికల్లా కన్ను ఉబ్బి మూసుకుపోయింది, ఏడుపు ఊరంతా వినబడింది. మరుసటి రోజు టౌన్‌కు తీసుకెళితే డాక్టర్ చిన్నమ్మను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. ఆ గింజల పొడి కంటి నల్లగుడ్డు మీది పొరను కాల్చేస్తుంది. అక్కకు వారంలో తగ్గింది. అదే గుజ్జు తింటూ ఒక గింజ మింగితే మాత్రం ఏమీ కాదు, గట్టి పెంకుతో అలాగే బయటికి పోతుంది. విషం అంతా గింజ పగిలితేనే.

జొన్న కూడా అంతే, చూడ్డానికి సాధువు. వానలు మొగం చాటేసిన ఏడు, వాడిపోయిన లేత జొన్న పైరులో మా పెయ్యదూడ పడి మేసింది. సాయంత్రానికి నోట నురుగు. "నాము తగిలింది" అన్నారు పెద్దలు. లేత జొన్నలో, అందులోనూ ఎండకు వాడినదానిలో, సైనైడ్ విషం తయారవుతుంది. పండిన గింజలో ఆ భయం లేదు. పెయ్య దక్కలేదు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ రొట్టె తినలేదు, చేసినవి అలాగే గంపలో ఉండిపోయాయి.

రొట్టెలు అమ్మమ్మ దగ్గరే చూడాలి. చాటలో పిండి కుప్ప పోసి, మధ్యలో గుంత చేసి, తెర్లుతున్న ఎసరు పోసేది. గోధుమ పిండికి చన్నీళ్లు చాలు, దానిలో జిగురు పుట్టించే గ్లూటెన్ ఉంటుంది. జొన్నకు అది లేదు. మరిగే నీళ్లు తగిలితే జొన్నలోని గంజి కొంత ఉడికి, అదే జిగురుగా పిండిని పట్టి ఉంచుతుంది. నీళ్లు కాస్త చల్లారితే రొట్టె అంచులు పగులుతాయి. అమ్మమ్మ కర్ర వాడేది కాదు. అరచేత్తో టపటపమని తడుతూ గుండ్రంగా తిప్పేది. పెంక మీద వేశాక పైన తడిచేత్తో తుడిచేది. గుడ్డి వెలుతురులో ఆ చప్పుడు విని రొట్టె ఎంత పల్చనయిందో చెప్పేది మా అమ్మ.

ఇక నీళ్లు.

అమ్మమ్మ ఊర్లో రెండు బావులు. ఊరి నడుమ ఉన్నది ఉప్పుబావి. చేల దగ్గర ఉన్నది తియ్యబావి. ఉప్పుబావి నీళ్లలో కందిపప్పు వేస్తే రెండు గంటలు మంట పెట్టినా గింజ గింజగానే తేలేది. అందుకే ఆమె దగ్గర ఒక ఇత్తడి బిందె ప్రత్యేకంగా ఉండేది, దాని పేరే పప్పునీళ్ల బిందె. పొద్దున్నే చేల దాకా నడిచి తియ్యబావి నీళ్లు తెచ్చేది. పప్పుకు అవే, తాగడానికీ అవే. మేం చెంబు ముంచి కాళ్లు కడుక్కుంటే ఊరుకునేది కాదు.

ఉప్పునీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం పప్పు గింజలోని పెక్టిన్ అనే జిగురును గట్టిపరుస్తాయి, అందుకే ఉడకదు. పులుపు కూడా అదే పని చేస్తుంది. పప్పు మెదిగాకే చింతపండు పులుసు పోయాలని అమ్మమ్మ మా అత్తతో ఏండ్ల తరబడి కొట్లాడింది ఇందుకే. అత్త ఒకరోజు కోపం మీద రెండూ ఒకేసారి వేసి పొయ్యి మీద పెట్టింది. అది పప్పుచారూ కాలేదు, గుగ్గిళ్లూ కాలేదు.

అమ్మమ్మ పళ్ల మీద గోధుమరంగు చారలుండేవి. ఊర్లో అందరికీ ఉండేవి, పిల్లలకు కూడా, అందుకే అది వింతగా అనిపించేది కాదు. అరవై దాటకముందే ఆమె నడుము వంగింది, మెడ పక్కకు తిప్పాలంటే మనిషంతా తిరిగేది. ఫ్లోరైడ్ అనే మాట నేను హైస్కూల్లో విన్నాను. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. మించి ఏండ్ల తరబడి తాగితే ముందు పళ్లు, తర్వాత ఎముకలు. అమ్మమ్మ వాళ్ల నల్లగొండ జిల్లా పేరు ప్రపంచంలో ఎక్కడో ఇథియోపియాలో, టాంజానియాలో కూడా తెలిసింది దీనివల్లే. పటిక, సున్నం వేసి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని 'నీరి' అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970ల్లో తయారుచేసి దానికి నల్లగొండ పేరే పెట్టింది.

ఒకరోజు నీళ్లు పరీక్ష చేసేవాళ్లు సీసాలతో వచ్చారు. రెండు బావుల నీళ్లూ పట్టుకుపోయి, కొన్ని రోజుల తర్వాత వచ్చి తియ్యబావి నీళ్లు తాగొద్దన్నారు. ఉప్పుబావిలోనే ఫ్లోరైడ్ తక్కువట. అమ్మమ్మ నవ్వింది. "పప్పు ఉడకని నీళ్లు మంచియి, ఉడికే నీళ్లు చెడ్డయా? మీరు ఎన్నడన్నా పప్పు వండిన్రా?" అని అడిగింది. వాళ్ల దగ్గర జవాబు లేదు, లేదా చెప్పే ఓపిక లేదు. నేను తర్వాత చదువుకున్న జవాబు ఇది. కాల్షియం ఎక్కువున్న నీళ్లలో అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దింపేస్తుంది. కాల్షియం తక్కువుండి సోడాగుణం ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ హాయిగా కరిగి ఉంటుంది. పప్పును ఉడకనివ్వనిదీ ఆ కాల్షియమే. ఫ్లోరైడ్‌కు రుచి లేదు, వాసన లేదు. అమ్మమ్మ నాలుక ఎంత గొప్పదైనా పట్టుకోలేనిది అదొక్కటే.

ఆమెకు ఇంకొకటి చెప్పాలని ఉండేది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవాళ్లు హాస్టల్ పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు 18 రోజులు పెట్టి చూస్తే, మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. 2002లో అచ్చయింది ఆ ఫలితం. అంటే ఆమె పచ్చిపులుసు రోజూ ఎంతో కొంత పోట్లాడుతూనే ఉందన్నమాట. వంగిన నడుమును అది లేపలేదనుకోండి. మరోపక్క ముసలితనంలో ఆమెకు అలవాటైన చాయ్ ఉంది చూశారా, తేయాకు చెట్టు నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకుల్లో దాచుకుంటుంది, ముదురాకులో ఇంకా ఎక్కువ. రోజుకు ఐదారుసార్లు తాగేది. ఈ రెండో సంగతి ఆమెకు చెప్పేంత ధైర్యం నాకు లేదు.

ఊర్లోకి నల్లాల్లో కృష్ణ నీళ్లు వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. వాకిట్లో నల్లా తిప్పితే ముందు గాలి, తర్వాత ఎర్రటి నీళ్లు, ఆ తర్వాత తేటనీళ్లు. అందరూ తాగి బాగున్నాయన్నారు. అమ్మమ్మ దోసిట్లో పట్టి నాలుకకు తగిలించుకుంది. "సప్పగున్నయి" అంది. తాగలేదు. ఇత్తడి బిందె తెచ్చి నింపి, లోపలికి మోయమని నాకే చెప్పింది. పొయ్యి ముట్టించి, గంజులో ఆ నీళ్లు పోసి, రెండు పిడికిళ్ల కందిపప్పు వేసి, పీట వేసుకుని ముందు కూర్చుంది. మధ్య మధ్యలో గరిటెతో ఒక గింజ తీసి రెండువేళ్ల మధ్య నలిపి చూసేది, మళ్లీ మూత పెట్టేది. అరగంట దాటాక గింజ వేళ్ల మధ్య వెన్నలా మెదిగింది. అప్పుడు లేచి, బిందెలోంచి ఒక గ్లాసు ముంచుకుని, నిలబడే మొత్తం తాగింది.